పాతలోకము, కొత్తకూర్పు

వంటపుస్తకమునకు రెండవ కూర్పు వచ్చినదనిన మన కది సులభముగానే అర్థమగును. పాత పుస్తకములో శేరులు, సోలలు, తులములు ఉండును. కొత్తదానిలో వానిని తీసివేసి కిలోలు, గ్రాములు వేయుదురు. కొలత మారునే గాని గోంగూరపచ్చడి గోంగూరపచ్చడియే. కాని ఆటకు కూర్పులు వచ్చుటయు, కొత్తకూర్పు వచ్చినపుడు ఒక ఊరును, ఒక నదిని, ఒక కోటను, ఊరిచివర గుడిసెలో నున్న ఒక ముసలమ్మను ఏమి చేయవలెనో తోచక ఇంటిల్లిపాది వాదించుకొనుటయు సోదరీమణులలో అనేకులు వినియుండరు. జగిత్యాల జిల్లా పెగడపల్లిలోని మా యింట 2025వ సంవత్సరపు బతుకమ్మపండుగ సెలవులలో జరిగిన దదియే గనుక, ఆ సంగతి కొంచెము వివరముగా వ్రాయుచున్నాము.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. నేలమాళిగలు, రెక్కల మహాసర్పములు అని మనము చెప్పుకొనవచ్చును. నలుగురైదుగురు చాపపై కూర్చుందురు. వారిలో ఒకరు కథ నడుపుదురు. తక్కినవారు తలకొక పాత్రను ఎన్నుకొని, ఒకరు కత్తిపట్టిన వీరుడుగను, ఒకరు మంత్రము లెరిగిన విదుషిగను, ఒకరు గోడలెక్కు దొంగగను మాటలాడుదురు. "మీ యెదుట నది పొంగుచున్నది" అని కథ నడుపువా రనిన, "నేను ఈదెదను" అని ఒకరు, "నేను పడవవానిని బతిమాలెదను" అని మరియొకరు అందురు. ఈదగలిగినదియు లేనిదియు, పడవవాడు వినినదియు విననిదియు ఇరువది ముఖముల పాచిక తేల్చును. మన ఒగ్గుకథలో ప్రధానకథకుడు చెప్పుచుండగా ప్రక్కనున్నవాడు ఒక క్షణము రాజగును, మరుక్షణము రాణి యగును గదా, ఇదియు కొంత అట్టిదే. భేద మేమనగా, ఇందులో కథ ఎటు పోవునో ప్రధానకథకునికి గూడ తెలియదు. వైకుంఠపాళిలో గవ్వ లెట్లు పడిన అట్లు పోవలసినదే. ఇచ్చట ఎక్కడికి పోవలెనో ఆడువారి యిష్టము. పోగలుగుట మాత్రము పాచిక చేతిలో నున్నది. గెలిచినవారు, ఓడినవారు అని లేరు. గెలుపు లేని ఆట యేమియాట యని మా తోడికోడలు ఇప్పటికిని అడుగుచునే యున్నది.

ఈ యాట 1974లో అమెరికాదేశమున విస్కాన్సిన్ రాష్ట్రములోని లేక్ జెనీవా యను చిన్నపట్టణమున అచ్చయ్యెను. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు దానిని కల్పించిరి. అంతకు రెండేండ్ల ముందు గైగాక్స్ తాను గీసిన నేలమాళిగను మొట్టమొదట తన కొడుకుతోను కూతురితోను ఆడించి చూచెనట. ఆ నేలమాళిగపై నున్న కోట పేరు గ్రేహాక్. కోట చుట్టును నగరము, నగరము చుట్టును రాజ్యములు పెరిగి, 1980లో అదియొక లోకముగా పటములతో సహా అచ్చునకు వచ్చినది.

ఈ యాటకు రెండు తెగల గ్రంథములు కలవు. నియమగ్రంథము కత్తిదెబ్బ కెంత ప్రాణము పోవునో చెప్పును. లోకగ్రంథము ఆ కత్తిని ఏ యూరి కమ్మరి చేసెనో, ఆ కమ్మరికి ఆ యూరి దొరపై ఎందుకు కోపమో చెప్పును. 1989లో, 2000లో, 2008లో, 2014లో నియమములు మారెను. ఆటకు ఏబది యేండ్లు నిండిన 2024లో మరల సవరింపబడెను. నియమములు మారినపుడెల్ల పాత లోకగ్రంథములు, పెండ్లినాడు కుట్టించుకొన్న రవికవలె, పెట్టెలో చక్కగానే యుండును. ఒంటికి మాత్రము పట్టవు. విప్పి మరల కుట్టవలసినదే. ఏ కుట్టు విప్పవలెను, ఏ అంచు ఉంచవలెను అనునదే తగవు.

మా యింటిలోకము 2020లో పుట్టినది. ఆ సంవత్సరము మార్చినెలలో కరోనా కారణమున దేశమంతయు తలుపులు మూసికొన్నపుడు, మా బావగారి కొడుకు, కూతురు, మా అబ్బాయి, ప్రక్కింటి అవ్వగారి మనుమరాలు ఈ నలుగురును వసారాలో చిక్కుబడిరి. బళ్లు లేవు, బజారు లేదు. ఫోనులో ఉచితముగా దొరకిన నియమములను చదివి మా బావగారి కూతురు ఆట మొదలుపెట్టినది. ఇరువది ముఖముల పాచిక మా యూర నెక్కడ దొరకును? ఖాళీ డబ్బాలో ఇరువది చింతగింజలు వేసి, వానిపై సున్నముతో అంకెలు వ్రాసి, కన్నులు మూసి ఒకటి తీసెడివారు. పాతకేలండరు వెనుక పటము గీసిరి. జగిత్యాలలోని కోట నక్షత్రపు ఆకారముతో చుట్టును అగడ్త కలిగి యున్నది గదా, అదియే వారి రాజధాని. ధర్మపురియొద్ద గోదావరి వారి మహానది. కొండగట్టు వారి దేవగిరి. తక్కినవి మా అత్తగారు రాత్రులయందు చెప్పిన కథలనుండి వచ్చినవి. పిల్లలు ఆమెను బాపమ్మ యని పిలిచెడివారు. ఆమె కథలలో మాటలాడు చెరువులు, దారితప్పిన గొల్లలు, ఊరిచివర గుడిసె, ఆ గుడిసెలో ముసలమ్మ ఉండిరి. ఆమె చెప్పుచుండగా పిల్లలు వ్రాసికొనెడివారు. చెప్పుచునే ఆమె నిద్రపోయెడిది. కనుక ఆ కథలలో చాలవాటికి తుది లేదు. నాలుగు పెద్ద నోటుబుక్కులు నిండినవి.

తరువాత బళ్లు తెరచిరి. 2022లో మా అత్తగారు కాలము చేసిరి. ఆ సంవత్సరమే మా బావగారి కొడుకు గల్ఫునకు పోయెను. ఈ ప్రాంతమున గల్ఫునకు మగబిడ్డను పంపని వీధి కనబడుట అరుదు గనుక అందును గురించి వేరుగ వ్రాయ నక్కరలేదు. నోటుబుక్కులు మా అత్తగారి సందుగలో, ఆమె చీరల క్రింద ఉండిపోయినవి.

హైదరాబాదున చదువుకొనుచున్న మా బావగారి కూతురు పండుగకు వచ్చి సందుగ తెరచినది. కొత్తకూర్పు నియమములు 2025లో ఉచితముగను దొరకుచున్నవి గనుక, పాతలోకమును వానికి సరిపరచి మరల ఆడవలెనని ఆమె సంకల్పము. అన్న దూరమున నున్నను ఫోనులో ఆడగలడు. వారి నలుగురికి మరల ఒకచోట కూర్చుండుటకు ఆ లోకము తప్ప వేరొక వసారా లేదని ఆమె మాటలనుబట్టి మాకు తెలిసినది.

మొదట చిన్నపనులు. 2014 కూర్పులో పాత్రకు బలము, చురుకు మొదలగువానిలో కొంత హెచ్చింపు పుట్టిన జాతినిబట్టి వచ్చెడిది. 2024 కూర్పులో జాతి యను పదమునే తీసివేసి, ఆ హెచ్చింపును పూర్వవృత్తికి కట్టిరి. వీరుడు వీరుడగుటకు ముందు ఏ పని చేసి బ్రదికెనో దానినిబట్టి బలమన్నమాట. ఈ మార్పు మాకు మిక్కిలి నచ్చినది. పుస్తకములో పదునారు వృత్తులే యున్నవి: రైతు, సిపాయి, నావికుడు, లేఖకుడు మొదలగునవి. చేతిపనివానిలో సిరిసిల్ల సాలెవారిని ఇమిడ్చవచ్చును. బీడీలు చుట్టువారు మాత్రము ఎందును ఇమడరు. కొత్తవృత్తిని కల్పించు పద్ధతియు ఆ గ్రంథమండలిలోనే కలదు: మూడు గుణములు, రెండు నేర్పులు, ఒక పనిముట్టు, ఒక ప్రత్యేకవిద్య ఎన్నుకొనవలెను. ప్రక్కింటి అవ్వగారు నలుబది యేండ్లనుండి బీడీలు చుట్టుచున్నారు. మనుమరాలు ఆమెనే అడిగినది. వేళ్ల చురుకు, ఓర్పు అను రెండు గుణములు వెంటనే కుదిరినవి. మూడవది తెలివి యని అవ్వగారు పట్టుబట్టిరి.

"లెక్క తెల్వకుంటె ఠేకేదారు ముంచడా బిడ్డా? వెయ్యి బీడీలకు గదా కూలి" అనిరి.

తెలివి వ్రాయబడినది. పనిముట్టు కత్తెర. నేర్పులు చేతివేగము, ఎదుటివాని మనసు కనిపెట్టుట. తునికాకు కత్తిరించుచునే అవ్వగారు ఆ కాగితమును రెండుమారులు చదివించుకొని వినిరి. అచ్చుపుస్తకములోని పదునారు వృత్తులలో నేదియు దీనికన్న మెరుగుగా కుదిరినదని మేమనుకొనము.

పిమ్మట పెద్దపని వచ్చినది. కాలము. 2020కిని 2025కిని మధ్య ఆ లోకములో ఏమి జరిగినట్లు? దీనికి పెద్దగ్రంథకర్తలు ఏమి చేసిరో మా బావగారి కూతురు వంటింట కూర్చుండి మాకు చెప్పినది. కూర తరుగుచు మేము వింటిమి.

ఫర్‌గాటెన్ రెల్మ్స్, అనగా మరచిన రాజ్యములు, అను లోకము కలదు. కెనడాదేశపు గ్రంథాలయోద్యోగి ఎడ్ గ్రీన్‌వుడ్ తన బాల్యమునుండి కథలు కథలుగా పెంచుకొన్న దానిని 1987లో ఆటకొరకు అచ్చువేసిరి. 2008లో కొత్తకూర్పు వచ్చినపుడు, ప్రకటించు సంస్థవారు కథాకాలమును సుమారు నూరేండ్లు ముందునకు జరిపి, మంత్రవిద్యయే పగిలిపోయిన మహోపద్రవమును కల్పించి, కొన్నిదేశములను పటమునుండి తుడిచివేసిరి. కొత్తవారికి పాతచరిత్ర బరువు లేకుండవలెనని వారి ఉద్దేశము. ఇరువదియేండ్లుగా ఆ వీధులలో తిరిగినవారు లబలబలాడిరి. తమకు తెలిసిన పూటకూళ్లవాడు చచ్చెను, వాని కొడుకును చచ్చెను, వీధి పేరు మిగిలెను. 2014 కూర్పునాటికి మరియొక ఉత్పాతమును కల్పించి, పోయిన దేశములలో పెక్కింటిని వెనుకకు తెచ్చిరి. అప్పులు తీర్చక రాత్రికిరాత్రి ఊరు విడిచినవాడు ఆరేండ్ల కదే వీధికి తిరిగివచ్చినట్లున్నది.

డ్రాగన్‌లాన్స్ అను లోకము 1984 నాటిది. మార్గరెట్ వైస్ అను రచయిత్రియు ట్రేసీ హిక్‌మన్ అను నాయనయు దాని నవలలు వ్రాసిరి. 2022లో దానిని పునరుద్ధరించినపుడు కాలమును ముందునకు జరుపలేదు. ఆ పాతయుద్ధకాలమునకే పోయి, పాతవీరులను ప్రక్కన నుంచి, మరియొక సీమలో కొత్తవారికి కథ పెట్టిరి. ఇది మర్యాదగల పద్ధతి. గ్రేహాక్ విషయములో 2024నాటివారు మరింత తేలికగా తప్పించుకొనిరి: నిర్వాహకుల గ్రంథములోనే పటమును, నగరవివరమును ఒక నమూనాగా ఇచ్చి, తక్కినది మీయిష్టమనిరి. బానిసల వ్యాపారముతో నిండిన ఎడారిలోకమొకటి 1991 నాటిది కలదు, డార్క్ సన్ అని. దానికి 2014 నియమావళిలో గ్రంథమే తీయలేదు. ముట్టుకొనిన చేయి కాలునని కాబోలు.

ఇవన్నియు ఒక యెత్తు, రేవన్‌లాఫ్ట్ ఒక యెత్తు. ట్రేసీ హిక్‌మన్, లారా హిక్‌మన్ అను భార్యాభర్తలు 1983లో వ్రాసిన రక్తపిశాచపుకోట కథ యది. అందులో, తరువాత విస్తానీలనబడిన, ఒక సంచారజాతి వత్తురు. ఐరోపాఖండములో శతాబ్దములుగా బాధలుపడుచున్న రోమా జనులను చూచి వారిని చిత్రించిరి. త్రాగుబోతులనియు, దొంగలనియు, పిశాచమునకు ఊడిగము చేయువారనియు వ్రాసిరి. 2016లో ఆ కథను కొత్తనియమములకు తిరుగవ్రాసినపుడును ఆ చిత్రణ చాలవరకు అట్లే వచ్చెను. చదువరులు ఆక్షేపించిరి. 2020లో సంస్థవారు దానిని సవరింతుమని ప్రకటించి, తరువాతి ముద్రణలో మాటలు మార్చిరి. 2021 గ్రంథములో వారిని మరల కొత్తగా చిత్రించిరి. కోట అట్లే యున్నది. పిశాచమును అట్లే యున్నది. బండ్లపై తిరుగువారు మనుష్యులైరి.

ఆమె ఈ సంగతి చెప్పినపుడు మా కది దూరదేశపు వార్తగనే యుండెను. మరునాటి మధ్యాహ్నము మూడవ నోటుబుక్కు తెరచినపుడు మా వసారాకే వచ్చి కూర్చుండెను.

మూడవ నోటుబుక్కులో ఊరిచివరి గుడిసె కలదు. నీలిసిరాతో, 2020 నాటి వంకరయక్షరములతో, "మంత్రగత్తె" అని శీర్షిక. క్రింద అంకెలు: కవచము 17, ప్రాణబలము 82. నియమములలో హ్యాగ్ అని యొక వర్గము కలదు. అది ముసలిరూపున నుండి పసిబిడ్డలను మ్రింగు దుష్టజంతువు. పిల్లలు ఆ అంకెలను తెచ్చి బాపమ్మ చెప్పిన ముసలమ్మకు అంటగట్టిరి. అంకెల క్రింద బాపమ్మ చెప్పిన గురుతులు వ్రాసియున్నవి. అర్ధరాత్రివేళ దీపము పట్టుకొని ఒంటరిగా నడచును. ఆమె జొరబడిన యింటినుండి తెల్లవారుసరికి ఏడుపు వినబడును. కొంగున కత్తియు దారపుండయు ఉండును. కుండలో నేదియో పెట్టి, ఎవరును చూడకుండ భూమిలో పాతిపెట్టును. చివర ఎఱ్ఱసిరాతో: "చంపినాము. 30 బంగారు నాణెములు." దెబ్బకొట్టినది మా బావగారి కొడుకు పాత్రయగు గొల్లవీరుడు.

మా బావగారి కూతురు పని చిన్నదే. కొత్తగ్రంథమునుండి ఆ వర్గపు కొత్తయంకెలు తీసి పాతవాని బదులు వేసికొనుట. చచ్చినదాని కంకె లెందుకని మీ రడుగవచ్చును. ఆ గుడిసెలో అట్టిదే మరియొకతెను పెట్టవలెనని ఆమె తలంపు. గురుతులను కొత్తపుస్తకములోనికి ఎత్తి వ్రాయుచు బిగ్గరగా చదువుచుండెను. ప్రక్కన అవ్వగారు బీడీలు చుట్టుచునే వినుచుండిరి.

"గది మంత్రసాని గాదే బిడ్డా" అనిరి అవ్వగారు.

పిల్లలకు తెలియలేదు. వారందరు దవాఖానలో పుట్టినవారు. అవ్వగారు చేతిలోని చాట ప్రక్కన బెట్టి విప్పి చెప్పిరి. కాన్పులు రాత్రివేళ వచ్చును. దీపము లేక ఎట్లు పోవును? తెల్లవారి విన్న ఏడుపు పుట్టినబిడ్డ ఏడుపు. కత్తి బొడ్డు కోయుటకు, దారము బొడ్డు కట్టుటకు. కుండలో పెట్టి పాతినది మాయ.

"మాయ పాతిపెట్టక ఏం జేస్తది? కుక్కలకేస్తదా?" అనిరి.

వసారాలో కొంతసేపు ఎవరును మాటలాడలేదు. మా అత్తగారు ఆ కథను భయపెట్టుటకు చెప్పిరో, పొడుపుకథగా చెప్పి విప్పకముందే నిద్రపోయిరో ఇప్పుడు అడుగుటకు లేదు. మేమును ఆ కథ ఎన్నియోసారులు వింటిమి. ఆమె చెప్పునపుడు ముఖమున చిరునవ్వుండెడిదని మాత్రము చెప్పగలము.

ఇంతలో ఇది ఆటయే గదా, ఎవరిదో గుడిసె యేమైన నేమి యనువారుందురు. మన ప్రాంతమున అట్లనుటకు వీలులేదు. బాణామతి చేసిరను అనుమానముతో మనుష్యుల ప్రాణములు తీసిన వార్తలు ఈ జగిత్యాల జిల్లానుండియే 2020లోను, 2022లోను పత్రికలకెక్కినవి. ఒంటరిదానిని, ముసలిదానిని, మందుమాకు తెలిసినదానిని చూచి ఊరు ఎట్లు గుసగుసలాడునో మనకు ఎవరును నేర్పనక్కరలేదు. పిల్లలు నోటుబుక్కులో వ్రాసిన ఎఱ్ఱసిరా వాక్యము, పాచికలు తీసివేసి చదివిన, అట్టి వార్తవలెనే యుండును.

ఆ రాత్రి గల్ఫునకు ఫోను చేసిరి. సంగతి యంతయు విని మా బావగారి కొడుకు ఒప్పుకొనలేదు.

"బాపమ్మ చెప్పినట్లే ఉండనియ్యి చెల్లె. నా కాడ ఆమెది ఇంకేం మిగలలే" అనెను.

అతని మాట తేలికగా తీసివేయదగినది కాదు. ఒక గదిలో పలువురతో కలిసి పడుకొను పిల్లవానికి నాయనమ్మ గొంతు ఆ నాలుగు నోటుబుక్కులలోనే యున్నది. కాని పాతకథలో కొత్తచూపు పెట్టుట దానిని చెరిపివేయుటయని మే మనుకొనము. ఊర్మిళాదేవి నిద్రపాటను కట్టిన తల్లులు రామాయణమును చెరిపిరా? లంక లంకగనే యున్నది, వారధి వారధిగనే యున్నది. పదునాలుగేండ్లు ఒక గదిలో పడుకొనియున్న కోడలి తలుపు మాత్రము తెరచిరి. ఆ పాటలు పాడుకొన్న ఇండ్లలో వాల్మీకి మీద గౌరవమేమియు తగ్గలేదు. ఈ మాట మేము ఫోనులో చెప్పలేదు; పెద్దవారు ఉపన్యాసము మొదలుపెట్టిన పిల్లలు ఫోను పెట్టివేయుదురు. చెల్లెలే అడిగినది:

"అన్నా, బాపమ్మ మంత్రగత్తె అన్నదా? ఎన్నడన్న ఆ మాట అన్నదా?"

చాలసేపటికి జవాబు వచ్చినది. "అనలే. మనమే రాసినం."

తరువాత తగవు మరియొక తావునకు మారినది. ఆమె మంత్రసాని యైనచో, వారు చంపినది మంత్రసానినే గదా. మా అబ్బాయి చిన్నవాడు. ఆ పుట చింపివేసి, అసలు చంపనేలేదని వ్రాయుదమనెను. రేవన్‌లాఫ్ట్‌వారు మాటలు మార్చిరి గదా యని అతని వాదము. మా బావగారి కొడుకు, నూరేండ్లు ముందునకు జరుపుదము, అందరును మరచిపోయి యుందురనెను. అతడు ఎందుకట్లనెనో మాకు తెలియును, దెబ్బ అతనిది.

మా బావగారి కూతురు రెండింటికిని తల యూపలేదు. మాటలు మార్చుట అచ్చువేసినవారి విషయమున సరి. ఆ విస్తానీలను తప్పుగా చిత్రించినది వారే గనుక సరిదిద్దుట వారి విధి. ఇచ్చట మాట తప్పు కాదు, ఆడినవారు చేసిన పని. ఆడిన ఆటను ఆడలేదనుటకు వీలులేదని ఆమె యనినది. నూరేండ్లు దాటిన ఆ యూరిలో కాన్పు ఎవరు చేయుచున్నారో తెలియదు. ఆ ప్రశ్న అడుగువారే బ్రదికియుండరు. అయిదేండ్లే జరుగవలెను. బయట అయిదేండ్లు గడచినవి, లోపలను అయిదేండ్లే.

ఆ లెక్కను బట్టి కొత్తకూర్పులో ఆ యూరు ఇట్లు వ్రాయబడినది. మంత్రసాని లేక అయిదేండ్లైనది. ఆ యేండ్లలో ముగ్గురు తల్లులు కాన్పున పోయిరి. మంత్రగత్తె చచ్చినదని మొదట పండుగ చేసిన ఊరివారు ఇప్పుడు ఆ మాట ఎత్తరు. గుడిసెలో ఆమె కూతురున్నది. తల్లివిద్య తెలిసియు తలుపు తీయదు. ఆమెకు 82 ప్రాణబలము లేదు. మామూలు మనిషికి నియమములలో నాలుగే ప్రాణములు, ఆమెకును నాలుగే. హ్యాగ్ వర్గపు పుట వాడుకొనబడలేదు. మంత్రసాని అను కొత్తపూర్వవృత్తిని బీడీవృత్తి కాగితము వెనుకవైపు వ్రాసిరి. గుణములను అవ్వగారే చెప్పిరి. ఈమారు మూడింటికిని తగవు లేదు: ఓర్పు, వివేకము, వేళ్ల చురుకు. పాత నోటుబుక్కులోని ఎఱ్ఱసిరా పంక్తి చెరుపబడలేదు, చింపబడలేదు.

నక్షత్రకోటలోను గోదావరిలోను మార్పులేదు. మాటలాడు చెరువుల సంగతి కొత్తనియమములకు సరిపరచుటకు ఒక పూట పట్టినది; అది చెప్పిన విసుగు పుట్టును గనుక విడిచితిమి.

మా బావగారి కొడుకు సెలవుదినమున మొదటి ఆట జరిగినది. అక్కడ అతడు మంచముపై, ఇక్కడ తక్కిన ముగ్గురు వసారాలో చాపపై. ఫోనును బియ్యపుడబ్బాకు ఆనించి నిలువబెట్టిరి. గొల్లవీరుడు ఊరిలోనికి వచ్చెను. ఎక్కడికి పోయెదవని చెల్లెలడుగగా, కొంతసేపు ఊరక యుండి, గుడిసెకు పోయెదననెను. ఏమి చేసెదవనిన, తలుపు తట్టెదననెను.

"ఏమని చెప్తవ్?"

"నా పేరు చెప్త."

చింతగింజ అతని బదులు మా అబ్బాయి తీసెను. పదునైదు దాటిన గాని తలుపు తెరువదు. వచ్చినది ఆరు. తలుపు వెనుక దీపము ఆరిపోయినదని చెల్లెలు చెప్పినది. మరల తీయవచ్చునా యని మా అబ్బాయి యడిగెను, నియమము లొప్పవు. ఊరిలో వేరెవరికైన నిండునెల లున్నవా యని మా బావగారి కొడుకు అడిగి, ఉన్నవని విని, ఆ యింటి పేరు వ్రాసికొనుమని చెల్లెలికి చెప్పి, వచ్చువారము మరల తట్టెదనని ఫోను పెట్టెను.